‘పోతే ఒక్కణ్ణే పోను’ అన్న మాటను ఎవరికి చెప్పాలి?

ప్రశ్న: నేను మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. మా మిల్లులో బాయిలర్ చూసే అన్నది మా పక్క ఊరే. పదేళ్లకు పైగా ఇక్కడే పని చేస్తున్నాడు, ఎవరితోనూ గొడవ పడ్డవాడు కాదు. రెండు నెలల కింద తవుడు బస్తాలు తక్కువ వచ్చాయని మేనేజర్ అతణ్ణి హమాలీలందరి ముందు దొంగ అన్నాడు, టిఫిన్ సంచి కూడా దులిపించాడు. పది రోజులు పనిలోకి రానివ్వలేదు. తర్వాత తీసుకున్నారు గానీ ఆ బస్తాల సంగతి తేల్చలేదు. అప్పటినుంచి అతడు ఎవరితోనూ కూర్చుని అన్నం తినడం లేదు. మేనేజర్ ఏ దారిన ఇంటికి పోతాడు, ఆదివారం ఆఫీసులో ఒక్కడే ఉంటాడా అని వాచ్‌మన్‌ను అడిగాడట. ‘నా బతుకు ఆగం చేసిండు, నేను పోతే ఒక్కణ్ణే పోను’ అని ఒక హమాలీతో అన్నాడట. కిందటి వారం చిట్టీని నష్టానికి పాడుకుని ఆ డబ్బు భార్య చేతికిచ్చాడు, బండిని బామ్మర్ది పేరు మీదికి మార్పించాడు. రెండు రోజులుగా మాత్రం నెమ్మదిగా, అందరినీ పలకరిస్తూ ఉన్నాడు. మేనేజర్‌కు ఇవేవీ తెలియవు. చెబితే అతని ఉద్యోగం పోతుంది, ఇద్దరు ఆడపిల్లల ఉసురు నాకు తగులుతుంది. కోపంలో అన్న మాటలను ఇంతగా పట్టించుకోవాలా? అసలు ఏది ప్రమాద సూచన, ఏది కాదు?
– ఒక సోదరి, మిర్యాలగూడ

సమాధానం:

సోదరీ, చెప్పండి. ఈ రోజే, మిల్లు యజమానికే నేరుగా చెప్పండి. మీరు రాసిన విషయాలలో ఏదో ఒకటి మాత్రమే ఉండి ఉంటే మరికొన్నాళ్లు గమనించమని చెప్పేదాన్ని. కానీ అవన్నీ ఒకే మనిషిలో, రెండు నెలల వ్యవధిలో, ఒకదాని వెనుక ఒకటిగా కనిపిస్తున్నాయి గనుక వేచి చూడమని చెప్పడానికి నాకు మనసు రావడం లేదు. మీరు మౌనంగా ఉంటే ఆ అన్న ఉద్యోగం నిలుస్తుందనీ, నోరు విప్పితే పోతుందనీ అనుకుంటున్నారు. నిజానికి అతని ఉద్యోగాన్నీ, అతని ప్రాణాన్నీ, మేనేజర్ ప్రాణాన్నీ ఒకేసారి కాపాడగలిగే సమయం, ఎవరికీ ఏమీ కాని ఈ సమయమే.

ముందుగా ఏది సూచన కాదో చెబుతాను, ఎందుకంటే ఈ విషయంలో అమాయకులకు జరిగే అన్యాయం తక్కువేమీ కాదు. హింసకు పాల్పడే మనిషికి ప్రత్యేకమైన రూపం గానీ, కులం గానీ, ప్రాంతం గానీ ఉండవు. బీహారు నుంచి వచ్చిన హమాలీ మన భాష మాట్లాడడు కాబట్టి అనుమానించడం, ఒంటరిగా ఉండేవాణ్ణి చూసి భయపడడం, మానసిక వైద్యుని దగ్గర మందులు వాడుతున్నాడని తెలిసి దూరం జరగడం తప్పే కాక, అసలు ప్రమాదం మీద నుంచి చూపు మళ్లించే పనులు కూడా. మానసిక అనారోగ్యం ఉన్నవారిలో అత్యధికులు ఎవరి జోలికీ పోరు. అలాగే సీజన్‌లో ధాన్యం లారీలు గేటు బయట బారులు తీరినప్పుడు కాంటా దగ్గర బూతులు తిట్టుకోవడం, చెయ్యెత్తడం, సాయంత్రానికి కలిసి టీ తాగడం మిల్లుల్లో ఉన్నదే. రోజూ గొంతు చించుకునే మనిషి ఈ రోజు కూడా చించుకుంటే అందులో కొత్త ఏమీ లేదు. చూడవలసింది, ఆ మనిషి తన మామూలు తీరు నుంచి ఎంతగా మారాడన్నది. ఎప్పుడూ గొడవ పడని మనిషి కలిసి తినడం మానేశాడన్న మీ వాక్యం అందుకే నాకు ముఖ్యంగా కనిపించింది.

పని చేసేచోట జరిగే హింసను పరిశీలించినవారు సాధారణంగా దానిని నాలుగు విధాలుగా చూస్తారు. దొంగతనానికి వచ్చే బయటి మనిషి చేసేది ఒకటి, ఆ కార్యాలయంతో పని పడి వచ్చే మనిషి చేసేది రెండవది, తోటి ఉద్యోగి లేదా పని నుంచి తీసేసిన మనిషి చేసేది మూడవది, ఇంటి గొడవ పనిచోటికి రావడం నాలుగవది. మొదటి దానిలో ముందస్తు సూచనలు దాదాపు ఉండవు. మిగిలిన మూడింటిలోనూ చాలాసార్లు ఒక ఫిర్యాదు ఉంటుంది, అది చాలాకాలంగా రగులుతూ ఉంటుంది, చుట్టూ ఉన్నవారికి ఎంతో కొంత తెలిసే ఉంటుంది. 2019 నవంబరు 4న అబ్దుల్లాపూర్‌మెట్ తహసీల్దార్ విజయారెడ్డిని పట్టపగలు ఆమె ఛాంబర్‌లోనే పెట్రోలు పోసి తగలబెట్టిన ఘటన మీకు గుర్తుండే ఉంటుంది. ఆ దారుణానికి ఏ భూవివాదమూ సమర్థన కాదు. ఆమెను కాపాడబోయిన డ్రైవర్ ఆ గాయాలతోనే చనిపోయారు, నిప్పంటించినవాడూ బతకలేదు. సోమవారం కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి పురుగుల మందు డబ్బాతో వచ్చినవారి వార్తలు మనం చదువుతూనే ఉన్నాము. ఇతరులను చంపాలన్న ఆలోచనా, తాను చావాలన్న ఆలోచనా చాలాసార్లు ఒకే మనసులో పక్కపక్కనే ఉంటాయి. కాబట్టి ‘తనకు తాను ఏమైనా చేసుకుంటాడేమో’ అన్న భయాన్నీ, ‘ఎవరినైనా ఏమైనా చేస్తాడేమో’ అన్న భయాన్నీ వేరువేరుగా చూడకండి.

ఇక మీ ఉత్తరంలోని సూచనలకు వస్తాను.

అన్నింటికీ మూలం ఆ అవమానం. జీతం తగ్గినా, పది రోజుల పని పోయినా మనిషి ఎలాగో తట్టుకుంటాడు. పదేళ్లు తనతో కలిసి పని చేసినవారి ముందు టిఫిన్ సంచి దులిపించడం, ఆ తర్వాత దొంగ అని గానీ కాదని గానీ తేల్చకుండా మళ్లీ అదే బాయిలర్ దగ్గర నిలబెట్టడం తట్టుకోవడం కష్టం. అతడు ప్రతి షిఫ్టులోనూ ఆ అనుమానాన్ని మోస్తూ నిలబడుతున్నాడు. ఫిర్యాదు ఉన్నవారందరూ హింసకు దిగరు, వేలమందిలో ఒకరు కూడా దిగకపోవచ్చు. అయితే ఆ ఫిర్యాదు వ్యవస్థ మీద, మిల్లు మీద, కాలం మీద ఉన్నంతసేపు చల్లారే అవకాశం ఎక్కువ. అది ఒకే మనిషి పేరు మీద గట్టిపడి, ఏ మాట మొదలుపెట్టినా ఆ మనిషి దగ్గరికే వచ్చి ఆగుతూ ఉంటే జాగ్రత్త పడాలి.

రెండవది, హమాలీతో అన్న మాట. ‘నిజంగా చేసేవాడు బయటికి చెప్పుకోడు’ అని మనవాళ్లు తేలిగ్గా అనేస్తారు. ఇది సగం మాత్రమే నిజం, ఆ సగమే ప్రమాదకరం. అమెరికాలో ప్రముఖుల మీద దాడి చేసిన లేదా దాడి కోసం ఆయుధంతో సమీపించిన 83 మందిని ఆ దేశపు సీక్రెట్ సర్వీస్ అధ్యయనం చేసి 1999లో ఫలితాలు ప్రచురించింది. వారిలో లక్ష్యంగా ఎంచుకున్న మనిషినే నేరుగా బెదిరించినవారు పదోవంతు కంటే తక్కువ. బెదిరింపుల అంచనాలో అనుభవం ఉన్నవారు ఇందుకే, ఎదుటి మనిషికి బెదిరింపు వచ్చిందా లేదా అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోకుండా, స్నేహితునితో, బామ్మర్దితో, టీ కొట్టు దగ్గర పక్కన కూర్చున్న మనిషితో ఏమన్నాడో అడుగుతారు. మీ మేనేజర్‌కు ఏమీ తెలియకపోవడం ఆయన క్షేమంగా ఉన్నాడనడానికి ఆధారం కాదు. ఆ మాటల్లో మరొకటి గమనించండి. ‘వాని సంగతి చూస్త’ అనడం వేరు, ‘నేను పోతే ఒక్కణ్ణే పోను’ అనడం వేరు. మొదటిది మన దగ్గర రోజుకు పదిసార్లు వినిపిస్తుంది. రెండవ మాట అన్న మనిషి తన ముందు ఇక వేరే దారి లేదని అనుకుంటున్నాడు, తన చావును కూడా లెక్కలో వేసుకున్నాడు.

మూడవది నా దృష్టిలో అన్నింటికంటే బరువైనది: వాచ్‌మన్‌ను అడిగిన ప్రశ్నలు. కోపం ఉన్న మనిషి తిడతాడు, తాగుతాడు, పని మానేస్తాడు. అవతలి మనిషి ఏ దారిన పోతాడో, ఎప్పుడు ఒంటరిగా ఉంటాడో తెలుసుకోవాల్సిన అవసరం కోపానికి లేదు. ఆ సమాచారం ఏదైనా చేయాలనుకుంటేనే పనికొస్తుంది. మాట నుంచి చేత వైపు ఒక్క అడుగు పడిందని కనిపించిన తర్వాత ‘మంచివాడే కదా’ అన్న మన నమ్మకాన్ని పక్కన పెట్టవలసిందే.

చిట్టీ, బండి విషయాలకు వేరే కారణాలు ఉండవచ్చు. ఆడపిల్లల ఫీజులకో, అప్పు తీర్చడానికో పాడుకుని ఉండవచ్చు. కానీ తన పేరు మీద ఉన్నవాటిని ఒక్కొక్కటిగా ఇతరులకు అప్పగిస్తూ, ఆ పైన అకస్మాత్తుగా నెమ్మదించిన మనిషిని చూసి ‘హమ్మయ్య, కుదుటపడ్డాడు’ అనుకోవద్దు. సమస్య తీరిన తర్వాత వచ్చే నెమ్మది ఒకటుంది, నిర్ణయం తీసుకున్న తర్వాత వచ్చే నెమ్మది ఒకటుంది. ఇక్కడ తవుడు బస్తాల సంగతి తేలలేదు, మేనేజర్ ఒక్క మంచి మాట అనలేదు, మరి ఆ నెమ్మది ఎక్కడి నుంచి వచ్చింది? మీ ఉత్తరంలోని ఈ చివరి రెండు రోజులు కూడా నన్ను కలవరపెట్టాయి.

మీరు రాయని కొన్నింటిని కూడా కనిపెట్టండి. పొలం పని లేని కాలంలో పురుగుల మందు కొనడం, సీసాలో పెట్రోలు తెచ్చి పెట్టుకోవడం, డ్యూటీ లేని వేళ మిల్లు చుట్టుపక్కల తిరగడం, ఎక్కడో జరిగిన దాడి వార్త విని ‘మంచి పని చేసిండు’ అని మెచ్చుకోవడం, తాగుడు హఠాత్తుగా పెరగడం, పిల్లలను చూసుకోమని ఎవరికో అప్పగింతలు చెప్పడం వంటివి. వీటిలో ఒక్కటి కనిపించినా నేను కింద చెప్పే నిదానం అక్కర్లేదు, వెంటనే 100కు గానీ 112కు గానీ ఫోన్ చేయండి.

ఇప్పుడు మీరు చేయవలసింది. ఒక తెల్ల కాగితం తీసుకుని మీకు తెలిసినవి తేదీల వారీగా రాయండి. మీరు లెక్కలు రాసే మనిషి కాబట్టి ఇది మీకు చేతనైన పని. ‘అతని వాలకం బాగాలేదు, పిచ్చిపట్టినట్టు ఉన్నాడు’ అని రాస్తే అది మీ అభిప్రాయం, చదివినవారు కొట్టిపారేస్తారు. ‘ఫలానా రోజు సాయంత్రం షిఫ్టు మారే వేళ, గేటు దగ్గర, వాచ్‌మన్‌ను ఈ మాట అడిగాడు; వాచ్‌మన్ నాకు మరుసటి రోజు చెప్పాడు’ అని రాస్తే అది సమాచారం. మీరు స్వయంగా విన్నవి, ఇతరులు విన్నామని మీకు చెప్పినవి విడివిడిగా ఉండాలి. అన్న మాటను అతని నోటి మాటల్లోనే రాయాలి, మెరుగు పెట్టకూడదు. ఇది మిల్లు వాట్సాప్ గ్రూపులోకి పోకూడదు, సాటి ఉద్యోగులతో చర్చకు రాకూడదు. యజమాని చేతికి ఇచ్చి, ఆయన చదివేదాకా ఎదురుగా కూర్చోండి. పోలేపల్లి సెజ్ లాంటి చోట్ల ఉన్న పెద్ద కంపెనీలలో ఇటువంటివి వినడానికి హెచ్‌ఆర్ విభాగం ఉంటుంది. మిల్లుల్లో అటువంటి ఏర్పాటు ఉండదు గనుక ఆ భారం మీలాంటి వారి మీద పడుతోంది.

యజమానులు ఈ మాట విన్నప్పుడు సాధారణంగా రెండు తప్పులలో ఒకటి చేస్తారు. నవ్వి ఊరుకోవడం ఒకటి. తెల్లారేసరికి అతణ్ణి గేటు దగ్గరే ఆపి ‘లోపల కాలు పెడితే బాగుండదు’ అని వెళ్లగొట్టడం రెండవది. రెండవదే మొదటిదాని కంటే ప్రమాదకరం కావచ్చు. ఉద్యోగం తీసేసినంత మాత్రాన మనిషి ఎక్కడికీ పోడు, అతని మీద మనకున్న కన్ను మాత్రం పోతుంది. అతనికి మిగిలిన చివరి ఆధారం కూడా తెగుతుంది. ఈ సంగతి మీ సేటుకు మీరే స్పష్టంగా చెప్పండి, అవసరమైతే ఈ సమాధానాన్నే చూపించండి.

ఆయన చేయవలసినవి ఇవి. మేనేజర్‌కు జరిగినది చెప్పి, కొన్నాళ్లు సెలవు మీద పంపడమో వేరే పని మీద బయట ఉంచడమో చేయాలి. ఎవరి ప్రాణానికి ముప్పు ఉందో ఆ మనిషికి తెలియకుండా దాచే హక్కు ఎవరికీ లేదు. ఆదివారాలు ఆయన ఒంటరిగా ఆఫీసులో కూర్చోకూడదు. బాయిలర్ దగ్గర సర్టిఫికెట్ ఉన్న మరో అటెండెంట్‌ను ప్రతి షిఫ్టులోనూ తోడుగా ఉంచాలి. ఆవిరి ఒత్తిడితో నడిచే యంత్రాన్ని ఇంత వేదనలో ఉన్న మనిషి చేతిలో ఒంటరిగా వదలడం మిల్లులో ఉన్న అందరి ప్రాణాలతో చెలగాటం. పని ఎక్కువగా ఉందన్న కారణమే చెప్పవచ్చు, అతణ్ణి మరోసారి చిన్నబుచ్చనక్కర్లేదు.

ఆ తర్వాత తవుడు లెక్క తేల్చాలి. ఇక్కడ మీరు చేయగలిగినది ఎవరూ చేయలేరు. ఆ వారం కాంటా చీటీలు, గేటు పాసులు, తవుడు లోడు తీసుకుపోయిన లారీల బిల్లులు మీ బీరువాలోనే ఉండి ఉంటాయి. వాటిని తీసి, బస్తాల సంఖ్యనూ తూకాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒక లోడు రాయకుండా పోయిందా, బస్తా బరువు లెక్కలో తేడా వచ్చిందా, అసలు తగ్గిందన్నది నిజమేనా అన్నది కాగితం మీద తేలుతుంది. అతని తప్పు లేదని తేలితే యజమాని ఆ మాటను తన గదిలో చెవిలో చెబితే చాలదు. ఏ హమాలీల ముందు దొంగ అన్నారో ఆ హమాలీల ముందే ‘తప్పు మాది’ అనాలి, పది రోజుల కూలి కట్టివ్వాలి. లెక్క అతనికి ప్రతికూలంగా తేలినా సరే, సంచి దులిపించినందుకు క్షమాపణ చెప్పి తీరాలి. బెదిరింపుకు లొంగి ఇలా చేస్తున్నామని యజమాని అనుకోనక్కర్లేదు. ఇది రెండు నెలల కిందటే చేయవలసిన న్యాయం.

అతనితో మాట్లాడవలసింది మీరు కాదు, మేనేజర్ అసలే కాదు. అతడు గౌరవించే పెద్దమనిషి ఎవరైనా, మీ ఊళ్ల వైపువారైతే మరీ మంచిది, బామ్మర్దిని కూడా తోడు తీసుకుని మాట్లాడాలి. ముందు అతని బాధను అతడు పూర్తిగా చెప్పేదాకా వినాలి, మధ్యలో ‘పోనీలే, మరచిపో’ అనకూడదు. ఆ తర్వాత సూటిగా అడగాలి: ‘చచ్చిపోవాలనిపిస్తుందా? అతణ్ణి ఏమైనా చేయాలనిపిస్తుందా?’ అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది జంకుతారు గానీ, చావు గురించి సూటిగా అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదనీ, చాలామందికి బరువు దిగినట్టు ఉంటుందనీ మానసిక వైద్యులు చెబుతారు. ‘ఎవరికీ చెప్పను’ అని మాత్రం మాట ఇవ్వకూడదు. మానసిక సమస్యల కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. అతడు ఒప్పుకుంటే నల్లగొండ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రికి తీసుకుపోవచ్చు. ఇంట్లో మందు డబ్బాలు, పదునైన పనిముట్లు కొన్నాళ్లు అతనికి అందకుండా ఉంచమని అతని భార్యకు బామ్మర్ది చేత చెప్పించండి. ఆమెకు ఇప్పటికే ఏదో అనుమానం ఉండి ఉంటుంది, అడిగేవారు లేక ఊరుకుని ఉంటుంది.

పోలీసుల దగ్గరికి పోవాలా అంటే, ఆ ప్రశ్నలు అడిగాడన్నది నిజమని వాచ్‌మన్ యజమాని ముందు చెబితే పోవాలనే నా అభిప్రాయం. ఫిర్యాదు ఇచ్చినంత మాత్రాన జైలు అని భయపడకండి. చంపుతానని బెదిరించడం భారతీయ న్యాయ సంహిత 351వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు శిక్ష పడగల నేరమే. అయితే ఇటువంటి దశలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 126వ సెక్షన్ కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ హోదాలో ఉన్న తహసీల్దార్ ముందు హాజరుపరచి, ఏడాది మించని గడువుకు శాంతిభంగం చేయనని బాండు రాయించుకునే మార్గం కూడా ఉంది. మన దగ్గర బైండోవర్ అంటే అందరికీ తెలిసిందే. అది శిక్ష కాదు, ఉద్యోగానికి అడ్డూ కాదు. స్టేషన్‌కు యజమాని వెళ్లాలి, మీ పేరు బయటికి రాకుండా చూడమని ముందే చెప్పండి.

ఇదే కోవలో, భర్త వేధింపులు భరించలేక విడిగా ఉంటూ కంపెనీలలో పని చేస్తున్న అక్కచెల్లెళ్ల నుంచి కూడా ఉత్తరాలు వస్తుంటాయి. కంపెనీ గేటు దగ్గర, బస్సు ఎక్కేచోట భర్త కాపు కాయడం మొదలుపెడితే దానిని ఇంటి గొడవ అని సిగ్గుపడి దాచుకోకండి. గేటు దగ్గరివారికి అతని ఫొటో ఇవ్వండి, షిఫ్టు వేళలు మార్పించుకోండి, మహిళల హెల్ప్‌లైన్ 181కు గానీ పోలీసుల షీ టీమ్‌కు గానీ చెప్పండి.

ఎప్పుడైనా ఆ అన్న చేతిలో సీసాతోనో, కత్తితోనో కనిపిస్తే సర్దిచెప్పడానికి గానీ, లాక్కోవడానికి గానీ ఎవరూ ముందుకు పోవద్దు. బయటికి పొండి, ఇతరులను బయటికి పంపండి, ఫోన్ ఆ తర్వాత చేయండి. ఆఫీసు గదిలో మీ కుర్చీ తలుపుకు దగ్గరగా ఉండేలా ఇప్పుడే మార్చుకోండి.

పిల్లల ఉసురు గురించి రాశారు. అతని ఆడపిల్లలకు తండ్రి జైల్లోనో శ్మశానంలోనో కాకుండా ఇంట్లో ఉండాలంటే ఎవరో ఒకరు ముందుగా మాట్లాడాలి, ఆ పని మీరు చేస్తున్నారు. ఒకవేళ అతడు ఈ మిల్లులో పని చేయలేనని తానే అన్నా, యజమాని వద్దన్నా, ఆ విడిపోవడం గౌరవంగా జరగాలి. రావలసిన జీతం రెండు పనిదినాల్లో, పదేళ్ల సర్వీసుకు వచ్చే గ్రాట్యుటీ 30 రోజుల్లో చేతికి అందాలని చట్టమే చెబుతోంది. ఆ లెక్క మీరే వేసి సిద్ధంగా ఉంచండి. డబ్బు కోసం అతణ్ణి గేటు చుట్టూ తిప్పకుండా, అతడు నమ్మే ఒక మనిషి ఇంటికి పోయి ఇచ్చి రావాలి. ఆ మనిషే వారానికి ఒకసారి ఫోన్ చేసి ఎలా ఉన్నాడో కనుక్కుంటూ, ముఖ్యంగా కొత్త పని దొరికేదాకా, పలకరింపు ఆపకుండా చూడండి.